ఏడువారాల పేర్లు

ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు పద్నాలుగే. మోపులు మోసి, తాళ్లు బిగించి, మంచులో మెట్లు చెక్కి వాటికి దారి వేసిన వాళ్లలో చాలామందివి వారాల పేర్లు.

షెర్పాల ఇంట్లో బిడ్డ పుడితే పేరు కోసం పెద్దగా వెతుక్కోరు. ఏ వారం పుడితే ఆ వారమే పేరు. ఆదివారమైతే నీమా, సోమవారమైతే దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హక్పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పసాంగ్, శనివారం పెంబా. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అదే పేరు. మన మన్యంలోనూ సోమన్న, మంగ్లి, బుద్రు, సుక్రి అని వారాల పేర్లు పెట్టుకునే ఊళ్లున్నాయి కాబట్టి ఈ పద్ధతి మనకు కొత్తగా తోచదు. చిక్కల్లా ఒక్కచోటే. ఒకే జట్టులో ముగ్గురు పసాంగ్‌లు ఉంటే, దూరదేశంలో కూర్చుని పుస్తకం చదివేవాడికి ఏ పసాంగ్ ఏం చేశాడో గుర్తుండదు. హిమాలయాల చరిత్ర చదివేటప్పుడు ఈ తికమక మాటిమాటికీ ఎదురవుతుంది.

ఎవరెస్టును మొదట ఎక్కినదెవరు? బడిలో మాకు ఇది ఒక మార్కు ప్రశ్న. హిల్లరీ, టెన్సింగ్ అని రెండు పేర్లు రాసి మార్కు తెచ్చుకునేవాళ్లం. ఆ రెండు పేర్ల వెనక ముప్పై ఏళ్లకు పైబడిన మోత ఉందని, ఆ మోతలో ప్రాణాలు వదిలిన నీమాలు, దావాలు, పసాంగ్‌లు ఉన్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం ఏ శిఖరం కథ చదివినా కళ్లు ముందు ఆ పేర్లకోసమే వెతుకుతున్నాయి.

ఎల్లాపురం జ్వరం

ఎక్కినవాళ్ల కంటే ముందు కొలిచినవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు దక్షిణ అమెరికాలోని చింబొరాజోనే లోకంలోకెల్లా ఎత్తయిన కొండ అనుకునేవారు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే ఉత్తరానికి పాకుతూ పాకుతూ చివరికి ఆ లెక్కను తారుమారు చేసింది. ఆ సర్వే హైదరాబాదు మీదుగానే నడిచింది. లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో చేరిన యువ అధికారి పేరు జార్జ్ ఎవరెస్ట్.

అతనికి అప్పగించిన తొలి పెద్ద పని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో. వానాకాలం. ఎల్లాపురం అడవిలో జ్వరం పట్టుకుంది. అధికారితో పాటు కూలీలు, జెండాలు పట్టేవాళ్లు వరసగా పడిపోయారు. హైదరాబాదు నుంచి మనుషులు వెళ్లి వాళ్లను వెనక్కు తీసుకురావలసి వచ్చింది. ఎవరెస్ట్ ఒంట్లోంచి ఆ జ్వరం ఎంతకీ పోక, 1820లో సెలవు మీద దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లాడు. ప్రపంచంలోని అతి ఎత్తయిన కొండకు పేరైన మనిషి మన అడవుల్లో చలిజ్వరంతో వణికాడని చదివినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అతనికి సెలవు దొరికింది, ఓడ దొరికింది. గుట్ట మీద దీపం పెట్టిన, అడ్డొచ్చిన చెట్టు కొట్టిన, అర టన్ను బరువుండే థియోడొలైట్‌ను కొండకొమ్ముకు ఎక్కించిన ఖలాసీలకు ఏం దొరికింది?

ఈ ప్రశ్న అడిగినవాడు ఆ సర్వేలోనే ఒకడున్నాడు. రాధానాథ్ సిక్దర్. కలకత్తా కుర్రాడు, లెక్కల్లో దిట్ట. 1831లో నెలకు 30 రూపాయల జీతానికి గణకుడిగా చేరాడు. 1843లో డెహ్రాడూన్‌లో ఒక ఇంగ్లీషు మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత వెట్టిచాకిరీ చేయిస్తుంటే అడ్డం తిరిగాడు. దానికి పడిన జరిమానా 200 రూపాయలు. ఆ మనిషే 1852లో, నేపాల్ లోపలికి అడుగు పెట్టనివ్వని రోజుల్లో 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మైదానంలో నిలబడి తీసిన కోణాలను లెక్కగట్టి, పదిహేనో నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తయినదని తేల్చాడు. 29,002 అడుగులు. 1856లో ఆ అంకెను ప్రకటించారు. వాతావరణంలో వెలుగు వంగే తీరును కూడా లెక్కలోకి తీసుకుని, కాగితం మీద, కలంతో చేసిన గణితం అది. 2020 డిసెంబరు 8న నేపాల్, చైనా కలిసి ఉపగ్రహాల సాయంతో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే 29,031 అడుగుల పైచిలుకు. తేడా ముప్పై అడుగులు కూడా లేదు.

పేరు మాత్రం సిక్దర్‌ది పెట్టలేదు. టిబెటన్లు తరతరాలుగా పిలుచుకునే చోమోలుంగ్మా అన్న పేరునూ ఉంచలేదు. తన పేరు ఈ దేశపు జనం నోట పలకదని ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరే ఖాయం చేసింది. నేపాలీలు వాడే సాగరమాత అన్న పేరు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది.

ఒక బుధవారం

షెర్పా అంటే తూర్పువాడని అర్థం. కొన్ని వందల ఏళ్ల కిందట తూర్పు టిబెట్ నుంచి కనుమలు దాటి వచ్చి, ఎవరెస్టు దక్షిణాన ఉన్న ఖుంబూ లోయల్లో స్థిరపడ్డారు. బంగాళాదుంప పండించారు, జడలబర్రెలు మేపారు, ఉప్పు, ఉన్ని వ్యాపారం చేశారు. శిఖరం ఎక్కాలని వాళ్లెవరూ అనుకోలేదు. అది మియోలాంగ్‌సాంగ్మా అనే దేవత ఉండే చోటు. డార్జిలింగ్‌లో తేయాకు తోటలు, రోడ్డు పనులు మొదలయ్యాక కూలి వెతుక్కుంటూ అక్కడికి నడిచి వచ్చారు. తెల్లవాళ్లకు ఎవరెస్టు జ్వరం పట్టే వేళకు వీళ్లు డార్జిలింగ్‌లో సిద్ధంగా ఉన్నారు.

1922 జూన్ 7, బుధవారం. ఎవరెస్టుకు టిబెట్ వైపున నార్త్ కోల్ అనే కనుమ కింది వాలులో తాజా మంచు బాగా పేరుకుని ఉంది. బ్రిటిషు జట్టు సభ్యులు మాలరీ, సోమర్‌వెల్, క్రాఫర్డ్ ముందు నడుస్తుంటే వాళ్ల వెనక తాళ్లు కట్టుకుని పద్నాలుగు మంది మోత కూలీలు. మంచు పొర ఒక్కసారిగా జారింది. తొమ్మిది మంది కొట్టుకుపోయి కిందనున్న మంచు పగులులో పడ్డారు. ఇద్దరిని బతికుండగా తవ్వి తీశారు. ఏడుగురు చనిపోయారు. ఎవరెస్టు మీద ఒకే ప్రమాదంలో అంతమంది పోవడం అదే మొదలు. తెల్లవాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. తమలో ఒక్కరైనా ఆ ఏడుగురితో పాటు పోయి ఉంటే, ఆ నష్టంలో తామూ పాలు పంచుకున్నామని మిగిలినవాళ్లకు తెలిసేదని సోమర్‌వెల్ తర్వాత రాసుకున్నాడు.

ఈ సోమర్‌వెల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. సర్జన్. ఆ యాత్ర ముగిశాక దక్షిణ భారతం చూద్దామని వచ్చి, తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రికి వెళ్లాడు. బారులు తీరిన రోగులకు ఒకే ఒక్క సర్జన్ ఉండడం చూశాడు. లండన్‌లో దొరకబోయే మంచి ఉద్యోగం వదులుకుని అక్కడే ఉండిపోయాడు. తర్వాత జీవితంలో ఎక్కువ భాగం నెయ్యూరు, వెల్లూరు ఆసుపత్రుల్లోనే గడిచింది. మధ్యలో 1924లో మళ్లీ ఎవరెస్టుకు వెళ్లాడు. అప్పుడు అదే నార్త్ కోల్ మీద నలుగురు కూలీలు చిక్కుకుపోతే నార్టన్, మాలరీ, సోమర్‌వెల్ ముగ్గురూ శిఖరం సంగతి పక్కన పెట్టి వాళ్ల కోసం పైకి వెళ్లారు. ఆఖరి పదడుగుల దగ్గర తాడు చాలలేదు. ఇద్దరు కూలీలు జారారు. సోమర్‌వెల్ నడుముకున్న తాడు విప్పి, మంచులో గుచ్చిన గొడ్డలికి చుట్టి, ఒక చేత్తో ఆ కొస పట్టుకుని రెండో చెయ్యి చాపి ఒక్కొక్కరినే లాగాడు. నలుగురూ బతికారు. మాలరీ, ఇర్విన్ కనిపించకుండా పోయిన జూన్ 8 గురించి వందల పుస్తకాలు వచ్చాయి. 1999లో మాలరీ దేహం దొరికాక ఇంకా వచ్చాయి. నాకు మాత్రం 1924 అనగానే చాపిన ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ముగ్గురు పసాంగ్‌లు

1930ల్లో జర్మన్లు నంగా పర్బత్ మీద, అమెరికన్లు కె2 మీద పడ్డారు. 1934లో నంగా పర్బత్ మీద వారం రోజుల పాటు ఎడతెగని తుపాను. ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు చనిపోయారు. నాయకుడు విల్లీ మెర్కల్ కదల్లేని స్థితిలో ఉండగా అతనితో ఉన్న షెర్పా గేలే దిగిపోలేదు. నాలుగేళ్ల తర్వాత వెళ్లినవాళ్లకు ఇద్దరి దేహాలూ దగ్గర దగ్గరగానే కనిపించాయి. గేలేకు అప్పటికి కిందికి నడవగల శక్తి ఉందని, కావాలనే ఉండిపోయాడని చెబుతారు.

ఆ తుపానులోంచి బతికి బయటపడ్డవాళ్లలో ఒకడు పసాంగ్ కికులి. 1939లో ఫ్రిట్జ్ వీస్నర్ నాయకత్వాన కె2కు వెళ్లిన అమెరికా జట్టుకు అతనే షెర్పాల సర్దార్. అదే జట్టులో ఇంకో పసాంగ్ ఉన్నాడు, పసాంగ్ లామా. మరో పసాంగ్ కూడా ఉన్నాడు, పసాంగ్ కితార్. ముగ్గురూ శుక్రవారం పుట్టినవాళ్లే.

జులై 19న వీస్నర్, పసాంగ్ లామా ఆక్సిజన్ సీసాలు లేకుండా శిఖరానికి ఇంచుమించు 240 మీటర్ల దగ్గరికి చేరారు. సాయంత్రమైంది. రాత్రి వెన్నెల్లోనే ఎక్కేద్దామన్నాడు వీస్నర్. పసాంగ్ లామా తాడు వదల్లేదు, రేపు వద్దామన్నాడు. చీకటిపడ్డాక శిఖరం మీద దయ్యాలుంటాయని భయపడ్డాడని కొందరు రాశారు. దయ్యాల మాట ఎలా ఉన్నా, 8,300 మీటర్ల పైన రాత్రి పూట ఆక్సిజన్ లేకుండా ఎక్కడం ఏమిటో ఈనాటి పర్వతారోహకులను అడగండి. ఆ రాత్రి ఇద్దరి ప్రాణాలూ నిలబెట్టింది పసాంగ్ మాటే అన్నది నా అభిప్రాయం. దిగేటప్పుడు బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు జారి లోయలో పడిపోయాయి. తర్వాత మళ్లీ ప్రయత్నించినా కుదరలేదు.

అసలు విషాదం అప్పుడు మొదలైంది. జట్టు సభ్యుడు డడ్లీ వుల్ఫ్ ఏడో శిబిరంలో ఒంటరిగా ఉండిపోయాడు. కింది శిబిరాల్లో సామాన్లన్నీ అప్పటికే ఖాళీ చేసేశారు. జులై 28న పసాంగ్ కికులి, త్సెరింగ్ అనే ఇంకో షెర్పాతో కలిసి, బేస్ క్యాంప్ నుంచి ఆరో శిబిరం దాకా ఒకే రోజులో ఎక్కాడు. రెండు వేల మీటర్లకు పైగా ఎత్తు. మర్నాడు కికులి, కితార్, ఫిన్సూ అనే మరో షెర్పా ముగ్గురూ వుల్ఫ్ దగ్గరికి చేరారు. గుడారంలోంచి బయటికి వచ్చే ఓపిక కూడా అతనికి లేదు. టీ కాచి ఇచ్చారు. ఇవాళ కాదు, రేపు రమ్మన్నాడు. గాలివాన వల్ల ఒక రోజు ఆగి 31న మళ్లీ బయల్దేరారు. రాలేనంటే చీటీ మీద సంతకం పెట్టించుకుని వద్దామని అనుకున్నారట. త్సెరింగ్ కింద ఒక్కడే కాచుకు కూర్చున్నాడు. ముగ్గురూ తిరిగి రాలేదు.

ఎక్కాల్సిన శిఖరం, అందుకోవాల్సిన కీర్తి ఏమీ లేకుండా, కేవలం ఒక మనిషిని కిందికి తేవడానికి మూడుసార్లు పైకి వెళ్లడం. పర్వతారోహణ చరిత్రలో దీన్ని మించిన ఘట్టం ఏదైనా ఉందా అని వెతికాను. నాకు దొరకలేదు.

మిగిలిన పసాంగ్ లామా కథ ఇంకా ఉంది. పూర్తి పేరు పసాంగ్ దావా లామా. 1937లోనే టిబెట్, భూటాన్ సరిహద్దులోని చోమోల్హరి శిఖరాన్ని స్పెన్సర్ చాప్మన్‌తో కలిసి తొలిసారి ఎక్కినవాడు. కె2 నుంచి వట్టి చేతులతో వచ్చిన పదిహేనేళ్లకు, 1954లో ఆస్ట్రియావాడు హెర్బర్ట్ టిహీతో చో ఓయూ మీదికి వెళ్లాడు. తుపానులో ఎగిరిపోతున్న గుడారాన్ని పట్టుకోబోయి టిహీ చేతులు గడ్డకట్టాయి. ఆ సమయంలో పసాంగ్ సరుకుల కోసం కింద నామ్చే బజారుకు వెళ్లి ఉన్నాడు. దారిలో స్విస్ జట్టు కూడా అదే శిఖరం మీద కన్నేసి వచ్చిందని తెలిసింది. వీపు మీద మూటతో మూడు రోజుల్లో కింది లోయ నుంచి పై శిబిరానికి, అక్కడి నుంచి 8,188 మీటర్ల శిఖరానికి వెళ్లాడు. అక్టోబరు 19న టిహీ, యోక్లర్, పసాంగ్ ముగ్గురూ చో ఓయూ మీద నిలబడ్డారు. నాలుగేళ్లకు భారత జట్టు మొదటిసారి 8,000 మీటర్ల శిఖరం ఎక్కినప్పుడు, అదే చో ఓయూ మీద, సోనమ్ గ్యాత్సో పక్కన ఉన్నదీ ఇతనే. మన దేశం తొలి అష్టసహస్ర శిఖరం తాడుకు రెండో కొసన ఒక శుక్రవారం పిల్లవాడు ఉన్నాడన్న సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

ఏడోసారి

1950 జూన్ 3న ఫ్రెంచివాళ్లు హెర్జోగ్, లషెనాల్ అన్నపూర్ణ ఎక్కారు. మనిషి ఎక్కిన తొలి 8,000 మీటర్ల శిఖరం అదే. ముందురోజు హెర్జోగ్ సర్దార్ ఆంగ్ థార్కేను పిలిచి నువ్వూ శిఖరానికి రా అన్నాడు. కాళ్లు మొద్దుబారుతున్నాయి, నేను దిగిపోతానన్నాడు థార్కే. హెర్జోగ్, లషెనాల్ ఇద్దరికీ కాలివేళ్లు పోయాయి, హెర్జోగ్‌కు చేతివేళ్లు కూడా. థార్కే తన కాళ్లతోనే డార్జిలింగ్ చేరాడు.

మూడేళ్ల తర్వాత బ్రిటిషు జట్టు 362 మంది కూలీలు, 20 మంది షెర్పాలు, నాలుగున్నర టన్నుల సామానుతో ఎవరెస్టుకు కదిలింది. సర్దార్ టెన్సింగ్ నార్గే. చిన్నప్పటి పేరు నాంగ్యాల్ వాంగ్దీ. రోంగ్‌బుక్ మఠం లామా పేరు మార్చాడు. పెరిగింది థామే అనే ఊళ్లో. (ఆ ఊరే 2024 ఆగస్టు 16న హిమానీ సరస్సు తెగి వచ్చిన వరదలో బడి, ఆసుపత్రి, ఇళ్లు పోగొట్టుకుంది. ఎవరెస్టును 21 సార్లు ఎక్కిన ఆపా షెర్పా, 2025 మే నాటికి 31 సార్లు ఎక్కిన కామీ రీటా షెర్పా కూడా ఆ ఊరివాళ్లే.) 1935లో షిప్టన్ జట్టులో కూలీగా మొదలైన టెన్సింగ్‌కు ఇది ఎవరెస్టు మీద ఏడో యాత్ర. అంతకుముందు ఏడాదే స్విస్ మిత్రుడు లాంబేర్‌తో 8,600 మీటర్ల దాకా వెళ్లి వెనుదిరిగాడు. లాంబేర్ ఇచ్చిన ఎర్ర మఫ్లరు మెడలో వేసుకునే ఈసారీ వచ్చాడు.

శిఖరానికి ముందు రోజుల్లో దా నాంగ్యాల్, ఆంగ్ నీమా అనే షెర్పాలు 8,300 మీటర్లు దాటి బరువులు మోయకపోతే, ఆఖరి రాత్రి హిల్లరీ, టెన్సింగ్‌లకు తలదాచుకునే గుడారం ఉండేది కాదు. 1953 మే 29, శుక్రవారం, పొద్దున పదకొండున్నర. పైన ఉన్నది పదిహేను నిమిషాలే. టెన్సింగ్ మంచులో గుంట తీసి బిస్కెట్లు, చాక్లెట్లు, మిఠాయిలు దేవతకు నైవేద్యం పెట్టాడు. వాటితో పాటు చిన్న కూతురు ఇచ్చిన పెన్సిలు ముక్క. ఆ పాప పేరు నీమా. ఆదివారం.

కిందికి వచ్చాక ముందెవరు కాలు పెట్టారన్న రగడ మొదలైంది. కాఠ్మాండూలో టెన్సింగ్ హిల్లరీని తాడుతో లాగుతున్న బొమ్మలు వెలిశాయి. ఇద్దరూ కలిసే చేరామని సంతకాలు పెట్టవలసి వచ్చింది. రెండేళ్లకు వచ్చిన ఆత్మకథలో, ముందు అడుగు పెట్టింది హిల్లరీయేనని టెన్సింగే చెప్పేశాడు. ఆ పుస్తకం తర్వాత కూడా ఇంకా వాదించుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది. తాడుకు రెండు కొసలుంటాయి. అంతకంటే పట్టించుకోవలసింది ఇంకొకటి ఉంది. యాత్ర మొదట్లో బ్రిటిషు సభ్యులు కాఠ్మాండూలో రాయబార కార్యాలయపు గదుల్లో పడుకుంటే, షెర్పాలకు ఆవరణలోని కారు షెడ్డు చూపించారు. మరుగుదొడ్డి కూడా లేదు. తెల్లారాక షెర్పాలు షెడ్డు ముందు వీధిలోనే మూత్రం పోసి తమ కోపం తెలియజేశారు. గెలిచాక హిల్లరీకీ, నాయకుడు హంట్‌కీ సర్ బిరుదులు, టెన్సింగ్‌కు జార్జ్ పతకం వచ్చాయి.

మరుసటి ఏడాది ఇటలీవాళ్లు కె2 ఎక్కారు. 1954 జులై 31న శిఖరం చేరిన కంపగ్నోని, లచెదెల్లిలకు ఆక్సిజన్ సీసాలు మోసుకెళ్లింది వాల్టర్ బొనాట్టి, హుంజా లోయ మనిషి అమీర్ మహ్దీ. చెప్పిన చోట గుడారం లేదు. చీకటి పడింది. 8,100 మీటర్ల ఎత్తున మంచులో చిన్న అరుగు తవ్వుకుని, గుడారం, పడక సంచీ ఏమీ లేకుండా ఇద్దరూ రాత్రి గడిపారు. మహ్దీ కాళ్లకున్నవి మామూలు సైనికుల బూట్లు. పొద్దున్నే బతికి దిగాడు గానీ కాలివేళ్లు పోయాయి. ఆ రాత్రి బొనాట్టి చెప్పింది నిజమేనని ఇటలీ ఆల్పైన్ క్లబ్బు ఒప్పుకునేసరికి యాభై ఏళ్లు దాటింది. మహ్దీ అప్పటికి బతికి లేడు.

తర్వాత కొండలు ఒకదాని వెంట ఒకటి లొంగాయి. 1955లో మకాలూ, కాంచన్‌జంగ. రెండోదాని మీద బ్రౌన్, బ్యాండ్ సిక్కిం ప్రజల నమ్మకానికి మర్యాదగా శిఖరానికి కొద్ది అడుగుల కిందే ఆగిపోయారు. ఆ మర్యాదను ఆ తర్వాత కూడా ఎందరో పాటించారు. 1956లో మనస్లూ. దాన్ని జపాన్ మనిషి ఇమానిషితో కలిసి తొలిసారి ఎక్కిన గ్యాల్జెన్ నోర్బు అంతకు ఏడాది ముందే మకాలూ మీద కూడా నిలబడ్డాడు. 1964లో శిశాపాంగ్మాతో పద్నాలుగూ పూర్తయ్యాయి. 1978లో మెస్నర్, హాబెలర్ ఆక్సిజన్ సీసా లేకుండా ఎవరెస్టు ఎక్కి, అది శరీరానికి సాధ్యం కాదన్న వైద్యుల మాట తప్పని చూపించారు.

రక్తంలో ఉన్నది, లేనిది

ఎవరెస్టు కొన మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో మూడో వంతు. గాలిలో ఆక్సిజన్ పాలు మారదు గానీ, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి తోసే ఒత్తిడి ఉండదు. మైదానం మనిషి అలాంటి చోటికి వెళితే శరీరం కంగారుపడి ఎర్ర రక్తకణాలను పెంచేస్తుంది. రక్తం చిక్కబడి గుండెకు భారమవుతుంది. టిబెటన్లు, షెర్పాల్లో అలా పెరగదు. 2010లో శాస్త్రవేత్తలు ఇందుకు కారణమైన ఒక జన్యువును గుర్తించారు. పేరు ఈపాస్1. 2014లో ఇంకో వింత తెలిసింది. ఆ జన్యువు రూపం డెనిసోవన్లు అనే, ఎప్పుడో అంతరించిన మానవజాతి నుంచి వచ్చింది.

ఇది చదివి, వాళ్లు మోయడానికే పుట్టారు అనేవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు మండిపోతుంది. ఆంగ్ థార్కే కాళ్లు మొద్దుబారాయి. గేలే గడ్డకట్టి చనిపోయాడు. జన్యువు ఊపిరికి సాయపడుతుంది, మంచు చరియను ఆపదు. ఎవరెస్టు మీద పోయిన 300 మందికి పైగా మనుషుల్లో షెర్పాల వాటా మూడో వంతుకు తక్కువ కాదు.

2014 ఏప్రిల్ 18 కూడా శుక్రవారమే. తెల్లవారుజామున ఖుంబూ మంచు జలపాతంలో నిచ్చెనల మీదుగా గుడారాలు, తాళ్లు, వంట సామాన్లు మోసుకుపోతున్న వాళ్ల మీద ఎడమవైపు గట్టు నుంచి మంచు కొండ విరిగిపడింది. పదహారు మంది చనిపోయారు, అందరూ నేపాలీ కార్మికులే. డబ్బు కట్టి ఎక్కడానికి వచ్చినవాళ్లు ఆ దారిలో కొద్దిసార్లే నడుస్తారు. బరువులు మోసేవాళ్లు ఒక్క కాలంలోనే ఎన్నోసార్లు అటూ ఇటూ దాటాలి. ప్రభుత్వం కుటుంబానికి తక్షణ సాయం 40,000 నేపాలీ రూపాయలని ప్రకటించింది. షెర్పాలు పని ఆపేశారు. ఆ ఏడాది దక్షిణం వైపు యాత్రలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. బీమా మొత్తాన్ని 10 లక్షల నుంచి 15 లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు.

అప్పుడే ఉత్తరం వైపు, టిబెట్ దారిలో, ఇద్దరు తెలుగు పిల్లలు పైకి కదులుతున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి గుట్ట మీద శేఖర్ బాబు శిక్షణలో రాయి పట్టుకోవడం నేర్చుకున్నారు, తర్వాత డార్జిలింగ్, లడఖ్ వెళ్లారు. 2014 మే 25న షెర్పాల తోడుతో శిఖరం చేరారు. పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అంత చిన్న వయసు ఇంకెవరికీ లేదు.

మన వైపు ఆ దారి తెరిచిన పేర్లు ఇంకో రెండున్నాయి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు 1985లో సైనిక జట్టుతో ఎవరెస్టుకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ జట్టులో ఐదుగురు అధికారులు చనిపోయారు. అదే బడిలో రావు విగ్రహాన్ని చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా పిల్లవాడు మల్లి మస్తాన్ బాబు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయాడు. ఏప్రిల్లో సొంత ఊరు గాంధీ జనసంఘానికి దేహం వచ్చినప్పుడు జిల్లా జిల్లాంతా కదిలి వచ్చింది.

కె2, చలికాలం

8,000 మీటర్ల శిఖరాలను చలికాలంలో ఎక్కడం పోలండ్‌వాళ్లు నేర్పిన విద్య. 1980 ఫిబ్రవరిలో వాళ్లు ఎవరెస్టుతో మొదలుపెట్టారు. 2016కల్లా పదమూడు అయిపోయాయి. ఒక్క కె2 మిగిలింది. 8,611 మీటర్లు. చలికాలంలో అక్కడ గాలికి గుడారాలు చిరిగి ఎగిరిపోతాయి. ఆ పదమూడు శిఖరాల్లో ఒక్కదాని తొలి చలికాలపు ఆరోహణ జాబితాలోనూ షెర్పా పేరు లేదు. చలికాలంలో కె2కు అప్పటిదాకా ఎన్నో జట్లు వెళ్లి వెనక్కి వచ్చాయి.

2020 డిసెంబరులో మూడు వేర్వేరు జట్లలో నేపాలీలు అక్కడికి చేరారు. పోటీ పడాల్సినవాళ్లు బేస్ క్యాంపులో ఒక రాత్రి కూర్చుని మాట్లాడుకున్నారు, తాళ్లు కలిసి కట్టుకుందామనుకున్నారు. 2021 జనవరి 16, శనివారం. ముందు చేరినవాళ్లు శిఖరానికి పది మీటర్ల కింద ఆగారు. చలి మైనస్ నలభైకి పైమాటే. వెనకవాళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు. అందరూ చేరాక భుజం భుజం కలిపి, నేపాల్ జాతీయగీతం పాడుకుంటూ, ఒక్కసారే నడిచారు. ముందెవరు కాలు పెట్టారన్న ప్రశ్న ఈసారి ఎవరూ అడగడానికి వీల్లేదు.

పసాంగ్ కికులి, పసాంగ్ కితార్, ఫిన్సూ ఆ కొండ వాలులోనే ఎక్కడో ఉన్నారు. ఈసారి పేర్లు ఎక్కడా కలగాపులగం కాలేదు, పదీ ప్రపంచమంతా అచ్చయ్యాయి. నిర్మల్ పుర్జా, మింగ్మా గ్యాల్జే, గెల్జే షెర్పా, మింగ్మా డేవిడ్, మింగ్మా తెంజీ, దావా తెంబా, దావా తెంజిన్, పెమ్ ఛిరి, సోనా షెర్పా, కిలు పెంబా. ఒక్క పుర్జా మగర్, మిగతా తొమ్మిది మందీ షెర్పాలు. ముగ్గురు మంగళవారాలు, ఇద్దరు సోమవారాలు. చివరి పేరులో పెంబా ఉంది, శనివారం. ఆ రోజు కూడా శనివారమే.